గట్టు మీద మొక్క, గుట్ట మీద చెట్టు: సందేహాలు - సమాధానాలు

వానలు పడి చెల్కల గట్లు, చెరువు కట్టలు పచ్చబడగానే "ఈ మొక్క పేరేమిటి?" అని అడిగే ఉత్తరాలు పెరుగుతాయి. ఈసారి కోస్గి, దాని చుట్టుపక్కల ఊళ్ల నుంచి వచ్చినవాటిని ఒకచోట చేర్చాం. వినాయక చవితి, బతుకమ్మ, దసరా వరసగా వచ్చే రోజులు కాబట్టి పత్రి, పువ్వు, జమ్మి గురించి అడిగినవారే ఎక్కువ. పిల్లల ప్రాణాలకు సంబంధించిన ఉత్తరం కూడా ఒకటి ఉంది. దాన్ని దయచేసి ఇంట్లో అందరికీ చదివి వినిపించండి.

ఫోన్ చెప్పిన పేరు నమ్మవచ్చా?

*ప్రభుత్వ పాఠశాలలో జీవశాస్త్రం చెబుతాను. సెలవు రోజుల్లో పిల్లలను చెరువు కట్ట వెంట నడిపిస్తుంటాను. మొక్కను ఫొటో తీసి ఫోన్‌లో వెతికితే ఒక్కోసారి ఒక్కో పేరు చూపిస్తోంది. ఏది నమ్మాలి? పిల్లలకు మొక్కను గుర్తుపట్టడం ఎలా నేర్పాలి?*
- ఒక ఉపాధ్యాయుడు, కోస్గి

మాస్టారూ, ఫోన్ చేసే పని బొమ్మకు బొమ్మను పోల్చడమే. మనం పువ్వును మాత్రమే దగ్గరగా తీసి పంపితే, అలాంటి పువ్వున్న మొక్కలన్నింటినీ అది ముందు పెడుతుంది. కాబట్టి ఒక్క ఫొటోతో సరిపెట్టకండి. మొక్క మొత్తం, ఆకు పైవైపు, ఆకు అడుగువైపు, ఆకు కాండానికి అతుక్కున్న చోటు, పువ్వు, కాయ, చెట్టయితే బెరడు విడివిడిగా తీయండి. పక్కన ఒక స్కేలు పెడితే పరిమాణం తెలుస్తుంది. అప్పుడు కూడా ఫోన్ చెప్పిన పేరును జవాబు అనుకోవద్దు. పరీక్షించాల్సిన ఊహగానే తీసుకోండి.

పిల్లలకు మొదట పేర్లు చెప్పకండి, చూడడం నేర్పండి. ఆకు ఒంటిదా, చిన్నచిన్న ఆకులు కలిసిన రెమ్మా? ఇది తేల్చడానికి మొగ్గ కోసం వెతకాలి. ఆకు కాండాన్ని కలిసే మూలలో మొగ్గ ఉంటుంది. రెమ్మ మీది చిరు ఆకుల మొదట్లో ఉండదు. వేపలో మనం ఆకు అని గిల్లేది నిజానికి ఆకులో ఒక ముక్క, ఆ ఈనె మొత్తం కలిపితేనే ఒక ఆకు. తర్వాత ఆకులు ఎదురెదురుగా పుట్టాయా, ఒకటి విడిచి ఒకటి పుట్టాయా చూడమనండి. తుంచితే పాలు వస్తున్నాయా, ముల్లు ఎక్కడ పుట్టింది, నలిపితే వాసన ఉందా అని అడగండి. నలిపిన చేతిని కంటికి, నోటికి తగలనీయకుండా వెంటనే కడిగించండి. ఆ మొక్క దొరికింది ఎర్ర చెల్కలోనా, నల్ల రేగడిలోనా, తడి తగిలే కట్ట కిందనా అన్నది కూడా రాయించండి. ఈ అయిదారు సంగతులు నోటుబుక్కులో చేరితే పేరు సగం దొరికినట్టే.

పేరు పూర్తిగా తేల్చుకోవడానికి ఆచార్య టి. పుల్లయ్య, ఆయన సహచరులు తయారుచేసిన ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వృక్షజాల గ్రంథాలు ఉన్నాయి. మొక్కను పువ్వుతో సహా దినపత్రికల మడతల్లో పెట్టి, పైన బరువుంచి, తడి కాగితాలను రోజూ మారుస్తూ ఎండబెడితే ఏళ్ల తరబడి నిలుస్తుంది. దాని పక్కన తేదీ, ఊరు, నేల రకం, పువ్వు రంగు రాసి ఉంచాలి, ఎందుకంటే ఎండాక రంగు మారిపోతుంది. ఇలా ఆరబెట్టిన నమూనాలను ఉస్మానియా విశ్వవిద్యాలయం వృక్షశాస్త్ర విభాగంలోనూ, హైదరాబాద్‌లో ఉన్న భారత వృక్ష సర్వేక్షణ సంస్థ దక్కన్ కేంద్రంలోనూ భద్రపరుస్తారు. మీ బడిలోనూ అలాంటి బీరువా ఒకటి మొదలుపెట్టండి.

ఇది జమ్మేనా?

*దసరా నాడు మా ఊళ్లో పాత జమ్మి చెట్టు దగ్గరే పూజ చేసేవాళ్లం. అది ఎండిపోయింది. ఇప్పుడు వాగు పక్కనున్న చెట్టు నుంచి కొమ్మ తెచ్చి నాటుతున్నారు. ముళ్లు, సన్నాకులు ఉన్నాయి గాని నాకు అనుమానంగా ఉంది. ఆకు పంపుతున్నాను.*
- ఒక రైతు, గుండుమాల్

మీ అనుమానం నిజమే. మీరు పంపిన రెమ్మ జమ్మిది కాదు, సర్కారు తుమ్మది. రెండూ దగ్గరి చుట్టాలు కావడంతో ఆకును బట్టి చాలామంది పొరబడతారు. ముందు ముల్లును చూడండి. సర్కారు తుమ్మలో ముల్లు ఆకు పుట్టే కణుపు దగ్గరే, తరచుగా జంటగా ఉంటుంది. జమ్మిలో ముళ్లు కణుపుకూ కణుపుకూ మధ్యలో చెదురుగా ఉంటాయి. పొట్టిగా, అడుగున వెడల్పుగా ఉండి కొనకు సన్నబడతాయి. జమ్మి ఆకు బూడిద కలిసిన పచ్చన, చిరు ఆకులు పొట్టివి. సర్కారు తుమ్మ ఆకు ముదురు పచ్చన, రెమ్మలు వంకరటింకరగా సాగుతాయి. కాయ దొరికితే ఇక సందేహమే ఉండదు. జమ్మి కాయ సన్నగా, గుండ్రంగా కడ్డీలా ఉంటుంది. సర్కారు తుమ్మ కాయ పసుపు పచ్చగా, అదిమినట్టు బల్లపరుపుగా, లావుగా ఉంటుంది.

మన గుట్టల్లో వెలుతురు చెట్టును కూడా కొందరు జమ్మి అనుకుంటారు. దాని పూల కంకి సగం గులాబీ, సగం పసుపు. కాయలు మెలికలు తిరిగి గుత్తిగా ముడుచుకుంటాయి. ఆ రెండు గుర్తులూ జమ్మికి లేవు.

సర్కారు తుమ్మ అమెరికా ఖండం మొక్క. మద్రాసు ప్రెసిడెన్సీ అటవీ అధికారి బెడోమ్ కోరిక మీద విత్తనాలు తెప్పించి, 1877లో కడప జిల్లా కమలాపురంలో నాటారు. పొయ్యిలోకి కట్టెలు దొరుకుతాయని తెచ్చిన చెట్టు చెరువు శిఖాలనూ, బీళ్లనూ ఆక్రమించింది. మేకలు, పశువులు తీపి కాయలు తిని పేడతో పాటు విత్తనాలు వెదజల్లడంతో దానికి అడ్డులేకుండా పోయింది. జమ్మి స్వభావం వేరు. వేరు లోతుకు దిగుతుంది, నీడ పలుచన, చుట్టూ పైరు పండుతుంది. రాజస్థాన్‌లోని ఖేజర్లీ గ్రామంలో 1730లో ఈ జమ్మి చెట్లను నరకనీయకుండా అమృతా దేవి మొదలుకొని 363 మంది బిష్ణోయీలు ప్రాణాలర్పించారు. 2014లో తెలంగాణ రాష్ట్ర వృక్షంగా ప్రకటించింది కూడా ఈ చెట్టునే.

ఈ దసరాకు మీ ఊళ్లో అసలు జమ్మి మొక్క ఒకటి నాటి, కంచె కట్టి, రెండు ఎండాకాలాలు నీళ్లు పోయండి. ఉన్న చెట్లకు కొమ్మలు విరవకుండా పిడికెడు ఆకుతోనే పూజ, ఆలింగనం జరుపుకోవచ్చు. కొమ్మలు కొమ్మలుగా విరవడం వల్లే చాలాచోట్ల పాత జమ్మి చెట్లు దెబ్బతింటున్నాయి.

తంగేడు అనుకుని ఏదో తెచ్చారు

*బతుకమ్మకు మా పిల్లలు పోయినేడు తంగేడు అని ఒక పసుపు పువ్వు తెచ్చారు. మా అత్తమ్మ చూసి, ఇది తంగేడు కాదు, కంపు కొడుతోందని పారేయించింది. అది ఏమై ఉంటుంది? తంగేడును ఎట్లా గుర్తుపట్టాలి?*
- ఒక పాఠకురాలు, మద్దూరు

మీ అత్తమ్మ ముక్కు సరిగ్గా పట్టింది. ఆకు నలిపితే కంపు కొట్టేది కసివింద. తంగేడు, కసివింద, తగిరిస మూడూ ఒకే కుటుంబం. మూడింటి పువ్వులూ పసుపే, అయిదు రెక్కలే. అందుకే పువ్వు మీద ఆధారపడితే పని కాదు.

తంగేడు చాలా ఏళ్లు బతికే గట్టి పొద. ఒక్కో ఆకులో ఎనిమిది నుంచి పన్నెండు జతల చిరు ఆకులు ఉంటాయి. ఆకు కాండానికి అతుక్కున్న చోట చూడండి: చెవి ఆకారంలో పచ్చని చిన్న రెక్కలు రెండు కాండాన్ని పట్టుకుని ఉంటాయి, రాలిపోవు. ఇది తంగేడుకు తిరుగులేని గుర్తు. కాయ కాగితంలా పలుచగా, బల్లపరుపుగా ఉంటుంది. కసివింద ఒక్క ఏడాదిలో మొలిచి ఎండే మొక్క. చిరు ఆకులు నాలుగైదు జతలే, కొనలు మొనదేలి ఉంటాయి, చెవి రెక్కలు కనిపించవు. తగిరిస ఇంకా పొట్టిది. మూడు జతల గుండ్రని చిరు ఆకులు, సన్నగా పొడుగ్గా కొడవలిలా వంగిన కాయ దాని గుర్తులు. తగిరిస లేతాకును పల్లెల్లో కూర వండుకుంటారు.

కసివింద సంగతి పిల్లలకు తప్పక చెప్పండి. ఉత్తరప్రదేశ్ పశ్చిమ జిల్లాల్లో వానలు వెనుకబట్టాక ఏటా చిన్న పిల్లలు అంతుపట్టని జబ్బుతో చనిపోయేవారు. కసివింద గింజలు తినడమే అందుకు కారణమని 2007లో వైద్యులు తేల్చారు. ఆ గింజల విషం కాలేయాన్ని, కండరాలను, మెదడును దెబ్బతీస్తుంది. ఇంటి చుట్టూ, బడి చుట్టూ మొలిచిన కసివిందను కాయ పట్టకముందే పీకేయండి. తంగేడును మాత్రం మొదలంటా నరకకుండా పూల కొనలే కోసుకోండి, వచ్చే ఏడాదికి మళ్లీ పూస్తుంది.

మాచీపత్రికి బదులు వయ్యారిభామ

*వినాయక చవితికి అంగడిలో కొన్న పత్రిలో మాచీపత్రి అని ఇచ్చిన ఆకు తాకినప్పటి నుంచి నా చేతుల మీద దద్దుర్లు లేచాయి. దానికి తెల్లటి చిన్న పువ్వులు ఉన్నాయి. మా ఊరి బాట పొడవునా అదే మొక్క ఉంది.*
- ఒక పాఠకుడు, కొడంగల్

మీకు ఇచ్చింది వయ్యారిభామ. కాంగ్రెస్ గడ్డి అన్నా ఇదే. లోతుగా చీలిన ఆకును చూసి మాచీపత్రి అనుకుని కోసుకొచ్చేవారు ఉన్నారు. ఆకును తిప్పి చూస్తే తేడా తెలిసిపోతుంది. మాచీపత్రి ఆకు పైన పచ్చగా, అడుగున తెల్లటి నూగుతో ఉంటుంది, నలిపితే మంచి వాసన వస్తుంది. వయ్యారిభామ ఆకు రెండు వైపులా పచ్చనే, సుగంధం లేదు. కాండం మీద నిలువు గాళ్లు ఉంటాయి. కొమ్మల చివర మెరిసే తెల్ల చుక్కల్లాంటి పూలు విరివిగా పూస్తాయి.

ఇదీ అమెరికా ఖండం నుంచి వచ్చిందే. మన దేశంలో 1950ల్లో పుణె దగ్గర కనిపించి, తర్వాత దేశమంతా పాకింది. ఒక్క మొక్క వేలకొద్దీ గింజలు రాలుస్తుంది. దీన్ని తాకితే కొందరికి చర్మం మీద దురద, దద్దుర్లు వస్తాయి. పుప్పొడి పీలిస్తే తుమ్ములు, ఆయాసం రావచ్చు. మీ దద్దుర్లు తగ్గకపోతే చర్మ వైద్యుడికి చూపించండి. పీకేటప్పుడు చేతికి తొడుగులు, ముక్కుకు గుడ్డ కట్టుకుని, పూత రాకముందే వేళ్లతో సహా తీయండి. పూసిన తర్వాత పీకితే విత్తనాలు మనమే చల్లినట్టవుతుంది. దొరకని పత్రి పేరుతో ఏదో ఒక ఆకు పెట్టడం కంటే, తెలిసిన గరిక, మారేడు, ఉత్తరేణితోనే పూజ చేసుకోవడం మేలు.

పిల్లలు గింజలు నమిలితే

*బడి నుంచి వచ్చేటప్పుడు పిల్లలు కంచెల మీద కాయలు కోసి తింటున్నారు. ఒకబ్బాయికి వాంతులు, విరేచనాలు అయ్యాయి. ఎర్ర గురిగింజలతో కూడా ఆడుకుంటున్నారు. ఏవి ప్రమాదమో చెప్పండి.*
- ఒక తల్లి, దౌల్తాబాద్

అమ్మా, వాంతులు చేసుకున్న పిల్లవాడు తిన్నది అడవి ఆముదం, అంటే నేపాళం, అయివుంటుంది. పశువులు ముట్టవు కాబట్టి దీన్ని కంచెకు నాటుతారు. గింజ పల్లీలా రుచిగా ఉండడం వల్ల పిల్లలు ఒకటి తిని ఊరుకోరు. ఆకు వెడల్పుగా, మూడు నుంచి అయిదు లోతులేని చీలికలతో ఉంటుంది. కాయ గుండ్రంగా, ముళ్లు లేకుండా ఉండి, పండితే పసుపు రంగుకు వచ్చి, తర్వాత నల్లబడుతుంది, లోపల నల్లటి గింజలు మూడు వరకు ఉంటాయి. మామూలు ఆముదం కాయకు మెత్తని ముళ్లు ఉంటాయి, ఆకు చీలికలు లోతుగా, ఎక్కువగా ఉంటాయి, కాడ ఆకు మధ్యలో అతుక్కుంటుంది. ఆముదం గింజ కూడా విషమే. నూనె వాడతాం గదా అని గింజ తినకూడదు.

గురిగింజ తీగది. సన్నని రెమ్మ మీద జతలు జతలుగా చిరు ఆకులు, ఎండి విచ్చుకున్న కాయలో ఎర్రటి గింజలు, ఒక కొనన నల్ల మచ్చ. కంసాలులు బంగారం తూచిన గింజ ఇదే. పైపెంకు గట్టిది కాబట్టి నమలకుండా మింగితే కొన్నిసార్లు ఏమీ కాదు. కొరికినా, పొడి చేసినా, దండ గుచ్చడానికి రంధ్రం చేసినా లోపలి అబ్రిన్ అనే విషం బయటపడుతుంది. అది చాలా తీవ్రమైనది, ప్రాణం తీయగలదు. పూర్తిగా ఎర్రగా, నల్ల మచ్చ లేకుండా ఉండే గింజ బండి గురివింద అనే పెద్ద చెట్టుది. అదీ నోట్లో పెట్టుకోదగ్గది కాదు. ఉమ్మెత్త, పచ్చ గన్నేరు కాయలను కూడా పిల్లలకు చూపించి, ముట్టవద్దని చెప్పండి. పచ్చ గన్నేరు గింజ గుండె మీద పని చేస్తుంది.

తిన్నారని తెలిస్తే ఉప్పునీళ్లు తాగించి వాంతి చేయించే ప్రయత్నం వద్దు, నాటు వైద్యం కోసం ఆగవద్దు. నోట్లో మిగిలిన ముక్కలు తీసేసి, నోరు పుక్కిలించి ఉమ్మించి, వెంటనే 108కి ఫోన్ చేయండి. తిన్న కాయ, దాని ఆకు ఒక కవరులో వేసుకుని ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఏ మొక్కో తెలిస్తే వైద్యుడికి చికిత్స తేలికవుతుంది. గురిగింజ నమిలిన పిల్లలకు లక్షణాలు గంటల తర్వాత మొదలు కావచ్చు, కాబట్టి బాగానే ఉన్నాడని ఇంట్లో ఉంచవద్దు.

గలిజేరు ఏది?

*మూత్రపిండాలకు మంచిదని గలిజేరు కూర తినమని వీడియోల్లో చెబుతున్నారు. మా చెల్కలో నేల మీద పాకే మొక్కలు రెండు రకాలున్నాయి. ఏది గలిజేరు?*
- ఒక విశ్రాంత ఉద్యోగి, నారాయణపేట

గలిజేరు అన్న పేరుతో ఊరూరా రెండు మొక్కలను పిలుస్తున్నారు. ఆయుర్వేదంలో పునర్నవ అనేది అటికమామిడి. రెండోది అంబటిమాడు. అటికమామిడికి పూలు సన్నని పొడవాటి కాడల మీద, ఆకుల పైకి తేలి, చిన్నగా గులాబీ ఎరుపులో పూస్తాయి. కాయ జిగటగా ఉండి ప్యాంటుకు, చీర అంచుకు అంటుకుంటుంది. ఆకు అడుగు తెల్లబారి ఉంటుంది. అంబటిమాడు కాడలు, ఆకులు కండపట్టి నీరు నిండి ఉంటాయి. పువ్వుకు విడిగా కాడ ఉండదు. ఆకు మొదట్లో ఉన్న సంచిలో దాక్కున్నట్టు ఒక్కటే పూస్తుంది. ఒక పువ్వు పట్టుకుని చూస్తే ఇక రెండింటినీ కలగలపరు.

లేతగా ఉన్నప్పుడు రెండింటినీ కూరగా తినేవారున్నారు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లు అప్పుడప్పుడు వండుకుంటే అది కూర. రోగం కోసం తింటే అది మందు, మోతాదు వైద్యుడు చెప్పాలి. మూత్రపిండాల జబ్బు ఉన్నవారికి ఆకుకూరల్లోని పొటాషియం, ఆక్సలేట్లు కీడు చేయవచ్చు. మీకు ఆ జబ్బు ఉంటే ఏ కూరనూ వీడియో చూసి మొదలుపెట్టకండి. ఉన్న మందులు ఆపకండి.

తిప్పతీగ అని తెచ్చినది తిప్పతీగేనా?

*కరోనా రోజుల నుంచి మా ఇంట్లో తిప్పతీగ కషాయం అలవాటైంది. వేప చెట్టుకు అల్లుకున్న తీగ కోసుకుంటున్నాం. ఇది సరైనదేనా?*
- ఒక పాఠకురాలు, కోస్గి

ఆకు హృదయాకారంలో ఉన్నంత మాత్రాన తిప్పతీగ కాదు. చాలా తీగలకు అదే ఆకారం. కాండం చూడండి. తిప్పతీగ కాండం కండపట్టి, పచ్చగా ఉండి, పైన పలుచని పొర ఊడుతుంటుంది. కొమ్మల నుంచి దారాల్లాంటి వేళ్లు గాలిలో వేలాడతాయి. అడ్డంగా కోస్తే లోపల చక్రం ఆకుల్లాంటి గీతలు కనిపిస్తాయి. కాయలు గుత్తులుగా, పండితే ఎర్రగా ఉంటాయి. ఇదే జాతిలో, కాండం నిండా బుడిపెలుండే మరో తీగ ఉంది. దాని పేరు టినోస్పోరా క్రిస్పా.

2021లో ముంబై వైద్యులు తిప్పతీగ వాడిన కొందరిలో కాలేయం దెబ్బతిన్నట్టు ప్రకటించారు. తిప్పతీగ క్షేమకరమేనని, పోలికలున్న క్రిస్పాను పొరపాటున వాడితే హాని జరగవచ్చని ఆయుష్ మంత్రిత్వ శాఖ వివరణ ఇచ్చింది. ఆ వాదన ఎలా ఉన్నా, మనకు అందులో రెండు జాగ్రత్తలు ఉన్నాయి. మొక్క ఏదో కచ్చితంగా తెలియాలి. తెలిసినా నెలల తరబడి రోజూ తాగకూడదు. కళ్లు పచ్చబడడం, మూత్రం ముదురు రంగులో రావడం, ఆకలి మందగించడం కనిపిస్తే కషాయం ఆపి వెంటనే వైద్యుడిని కలవండి.

మూడు ఎర్రపూల చెట్లు

*పోయిన మాఘంలో నారాయణపేట దారిలో ఆకు లేకుండా ఎర్రగా పూసిన చెట్లు చూశాను. మోదుగ అని ఒకరు, బూరుగ అని ఒకరు అన్నారు. ఫొటోలు పంపుతున్నాను.*
- డిగ్రీ విద్యార్థిని, కోస్గి

మీ ఫొటోల్లో రెండూ ఉన్నాయి. మొదటిది మోదుగ, రెండోది బూరుగ. ఆ రోజుల్లో ఆకు రాల్చి ఎర్రగా పూసేవి మన దగ్గర ముఖ్యంగా మూడు. మోదుగ మాను వంకరగా, పొట్టిగా ఉంటుంది. పువ్వు నారింజ కలిసిన ఎరుపు, చిలుక ముక్కులా వంగి ఉంటుంది. మొగ్గను పట్టుకున్న దొన్నె నల్లటి మఖమల్‌లా తగులుతుంది. ఆకు వచ్చాక మూడు పెద్ద చిరు ఆకులు. విస్తరాకులు కుట్టేది వాటితోనే, హోళీ రంగు కాచేది ఆ పూలతోనే. బూరుగ నిటారుగా పెరుగుతుంది, మాను మీద శంకువు ఆకారపు ముళ్లు ఉంటాయి. అరచేతిలో నిండే పువ్వుకు దళసరి రెక్కలు అయిదు, మధ్యలో కేసరాల గుంపు. ఎండిన కాయలో దూది ఉంటుంది.

మూడోది బాడిత. దీనికీ మోదుగలాగే మూడు చిరు ఆకులు, బూరుగలాగే ముళ్లు ఉండడంతో పొరపాట్లు జరుగుతాయి. పూలు కొమ్మ చివర ఒకేచోట దట్టంగా గుత్తి కడతాయి, ఒక్కో పువ్వులో ఒక పెద్ద ఎర్ర రెక్క మాత్రమే కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. వచ్చే మాఘంలో మళ్లీ ఆ దారిన వెళ్లినప్పుడు కింద రాలిన పూలను ఏరి పక్కపక్కన పెట్టి చూడండి. చెట్టెక్కనక్కర లేదు, కొమ్మ విరవనక్కర లేదు.

మర్రా, జువ్వా?

*మా ఊరి కట్ట మీద ఊడలు లేని పెద్ద చెట్టు ఉంది. చిగురు ఎర్రగా వస్తుంది. మర్రి అని కొందరు, జువ్వి అని కొందరు వాదిస్తున్నారు. మహబూబ్‌నగర్ పిల్లలమర్రి కూడా ఇదే జాతా?*
- ఒక పాఠకుడు, దామరగిద్ద

మర్రి, రావి, జువ్వి, మేడి నాలుగూ ఒకే జాతి చెట్లు. తుంచితే పాలు వస్తాయి, లేత రెమ్మ మీద ఆకు రాలిన చోట చుట్టూ గీత పడి ఉంటుంది. మర్రి ఆకు దళసరి, కొన మొద్దుగా ఉంటుంది. పండ్లు ఎర్రగా, కాడ లేకుండా జంటగా కాస్తాయి. వయసులో చిన్నదైతే ఊడలు ఉండకపోవచ్చు. రావి ఆకు కొన పొడవుగా తోకలా సాగుతుంది. మేడికి కాయలు మానుకే గుత్తులుగా కాస్తాయి. జువ్వి ఆకు మర్రికంటే పలుచన, కాడ పొడుగు, కాయలు చిన్నవి. ఏటా ఒకసారి మొత్తం ఆకు రాల్చి రాగిరంగు చిగుళ్లు తొడుగుతుంది. మీరు రాసిన "చిగురు ఎర్రగా వస్తుంది" అన్న మాటను బట్టి మీ చెట్టు జువ్వి అయ్యే అవకాశం ఎక్కువ. పండిన కాయ ఒకటి పంపితే తేల్చి చెబుతాం.

పిల్లలమర్రి అసలైన మర్రే. ఏడు వందల ఏళ్లదని ప్రతీతి, మూడెకరాల దాకా విస్తరించింది. చెదలు తొలిచి 2017 చివర్లో పెద్ద కొమ్మ విరిగిపడడంతో సందర్శకులను ఆపేశారు. 2018లో అటవీ శాఖ కొమ్మలకు సెలైన్ సీసాలు కట్టి, పలుచన చేసిన చెదల మందును చుక్కలు చుక్కలుగా ఎక్కించింది, బరువైన కొమ్మలకు స్తంభాలు కట్టింది. కొమ్మలు ఎక్కి ఊగడం, మాను మీద పేర్లు చెక్కడం ఎంత పాత చెట్టునైనా బలహీనపరుస్తాయి. మీ కట్ట మీది చెట్టు విషయంలోనూ ఇది గుర్తుంచుకోండి.

క్లుప్తంగా

*కంచెకు నాటిన కలబంద ఆకును ముఖానికి రాయవచ్చా?* (బొంరాస్‌పేట)
ఆకు కొనన గట్టి ముల్లు, లోపల గుజ్జుకు బదులు నార ఉంటే అది కలబంద కాదు, కిత్తనార. దాని రసం చర్మాన్ని మండిస్తుంది. రాయవద్దు.

*నడిచి వచ్చాక బట్టలకు అంటుకునే గింజలేమిటి?* (కోస్గి)
పొడవాటి కంకికి కిందికి వంగి ఉండే సన్న గింజలైతే ఉత్తరేణి. కొక్కేల ముళ్లతో కోలగా, లావుగా ఉండే కాయలైతే మరులమాతంగి. దాని లేత మొలకలు పశువులకు విషం, మేతలో రానీయకండి.

*చిల్లగింజ, ముష్టిగింజ ఒకటేనా?* (కోయిల్‌కొండ)
ఒకే జాతి, కానీ గుణాలు పూర్తిగా వేరు. బురద నీళ్లను తేర్చే చిల్లగింజ చిన్నది, ఉబ్బుగా ఉంటుంది. ముష్టిగింజ నాణెంలా చదునుగా, పట్టులాంటి నూగుతో ఉంటుంది. అందులో స్ట్రిక్నిన్ అనే ఘోర విషం ఉంది. తేడా తెలియకుండా ఏదీ నీళ్లలో వేయకండి.

ఇకముందు ఉత్తరం రాసేవారు పువ్వొక్కటే పంపకండి. ఆకున్న రెమ్మ, దొరికితే కాయ, మొక్క ఎత్తు, నేల రకం, మీ ఊళ్లో పిలిచే పేరు తప్పక రాయండి. ఆ పేర్లు మీ ఊరి గొర్లకాపరులకు, కూర ఏరే అవ్వలకు బాగా తెలుసు. వాళ్లను అడిగి, మొక్క పక్కన నిలబడి చూపించమని, ఇప్పుడే రాసి పెట్టుకోండి. పువ్వు, ఆకు, కాయ మూడూ ఒకే పేరు చెప్పేదాకా ఏ మొక్కనూ నోట పెట్టకండి, పిల్లలను పెట్టనీయకండి.